రేడియో మింగిన 'ది'

ఆటోక్ కొండల్లో ఫెర్మిన్ లాంగ్‌బాయన్ తన ఘనకార్యాలు చెప్పడం మొదలుపెట్టాడంటే, వినేవాళ్ళు పొయ్యిలో కట్టె రెండోసారి ఎగదోసుకోవాల్సిందే. అంత జాబితా ఉంది మరి. చదివింది ఊరి బళ్ళో ఆరో తరగతి దాకానే, కానీ ఆ ఆరేళ్ళూ లెక్కల్లో అతనే మొదటివాడు. పదిహేడో ఏట బంగారు గనిలో చేరి పందొమ్మిదేళ్ళు లిఫ్టు దగ్గర గంట కొట్టాడు. ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే లోపల మనుషులున్నారు, మెల్లగా లాగాలి. ఆ పందొమ్మిదేళ్ళలో అతని గంట తప్పి ఒక్క మనిషికి గోరు విరిగింది లేదు. తొంభైలో పెద్ద భూకంపం వచ్చి రోడ్లు తెగిపోయినప్పుడు ఇటుకంత రేడియో ఒకటి చంకన పెట్టుకుని శిఖరమెక్కి పదకొండు రోజులు కూర్చున్నాడు. కింది ఊళ్ళ కబురు పైకీ, పైవాళ్ళ కబురు కిందికీ అందించాడు. ఒక పురుడు, మూడు చావులు, ఎన్ని బస్తాల బియ్యం కావాలో ఏ వంతెన మిగిలిందో, అన్నీ అతని నోటి మీదుగానే వెళ్ళాయి. ఒక్క మాట మారలేదు.

పెద్దవాడయ్యాక తోంగ్‌తోంగ్‌లో చోటు దొరికింది. ఊళ్ళో తగువొస్తే కోర్టు మెట్లెక్కకుండా రెండు వైపులవాళ్ళనీ వాకిట్లో కూర్చోబెట్టి, అందరి ఎదుటా మాట్లాడించి తీర్చే కూటమి అది. అక్కడ పెద్దల బల్ల మీద కూర్చుని ముప్పై ఒక్క తగువులు తీర్చాడు ఫెర్మిన్. ఇవన్నీ నిజాలే, ఒక్కటీ గొప్పకి కల్పించింది కాదు. ఇప్పుడు చెప్పబోయేది ముప్పై రెండో తగువు సంగతి.

అరవై ఎనిమిదో ఏట కూడా అతను బండి దిగలేదు. ప్రతి గురువారం పొద్దున్నే ఎనిమిది మోటార్ సైకిళ్ళు కలిసి లా త్రినిదాద్ సంతకి దిగుతాయి. విత్తనాలు, మందులు, పంపుల సామాన్లు ఊరికి తెచ్చేది ఆ ఎనిమిది మందే. మంచులో పోతారు కాబట్టి జనం 'మంచు దయ్యాలు' అని పేరు పెట్టారు. అందరికన్నా ముందు బండి పోలిన్‌ది, అందరికన్నా వెనక బండి ఫెర్మిన్‌ది. పోలిన్‌కి ఇరవై ఏడేళ్ళు. తల్లీ కొడుకూ ఇద్దరే. చూపు గట్టిది, చెయ్యి నిదానం. వచ్చే నెలనుంచి జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి తోలమని ఒక యజమాని మాటిచ్చి ఉన్నాడు.

ఆ రోడ్డు మీద ఒక పద్ధతి ఉంది. కొండచరియ పడి సగం రోడ్డు పోయిన చోట్ల ఒక్క బండి పట్టే దారే మిగులుతుంది. అవతలేముందో మంచులో ఇవతలికి కనపడదు. ముందు పోలిన్ ఒక్కడే దాటి వెళ్ళి, అవతల దారి ఖాళీగా ఉంటే రమ్మంటాడు, లారీ వస్తూంటే వద్దంటాడు. ఎన్నో ఏళ్ళు ఆ మాట హారన్‌తోనే నడిచింది. కానీ లారీ హారన్‌లో బండి హారన్ కలిసిపోతే ఏది ఎవరిదో తెలిసేది కాదు. అందుకని ఎనిమిది మందీ కూడి రేడియోలు కొనాలనుకున్నారు. ఏ రేడియోలు కొనాలో తేల్చాల్సింది ఎవరంటే, వేరే ఇంకెవరున్నారు?

ఫెర్మిన్ ఆ పని పెళ్ళి సంబంధం చూసినట్టు చూశాడు. బాగియో పట్నంలో కొట్టువాడు మొదట హెల్మెట్‌కి అతికించుకునే చిన్న బిళ్ళలు చూపించాడు.

"ఇవి పాటలు కూడా వినిపిస్తాయి లాకాయ్," అన్నాడు. వాళ్ళ భాషలో లాకాయ్ అంటే పెద్దాయన.

"నేను పాడితే వింటారు, నాకు పాడేవి అక్కర్లేదు. మలుపు తిరిగితే మాట అందుతుందా?"

"తిన్నగా ఉన్న రోడ్డు మీద భేషుగ్గా అందుతుంది."

"తిన్నగా ఉన్న రోడ్డు మా ఊళ్ళో ఒకటి చూపించు, ఇప్పుడే కొంటా."

అరచేతిలో పట్టే రేడియోలే మేలని తేలింది. జేబులో రేడియో, హెల్మెట్‌లో నోటి దగ్గర మైకు, చెవి దగ్గర బిళ్ళ. ఇక మిగిలింది ఒక్కటే. మాట్లాడాలంటే హ్యాండిల్‌కి కట్టిన బటన్ నొక్కాలా, లేక గొంతు వినపడగానే రేడియో దానంతటదే తెరుచుకోవాలా? ఒకే రేడియోలో రెండూ ఉన్నాయి, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. బటన్ తీగలు మాత్రం విడిగా కొనాలి.

ఎనిమిది మందినీ గుట్ట మీద నిలబెట్టి పరీక్ష పెట్టాడు ఫెర్మిన్. మొదట గొంతుతో తెరుచుకునే పద్ధతి. బండి వేగం అందుకునేసరికి గాలి హోరుకే రేడియో తెరుచుకుని, అందరి చెవుల్లోనూ వరద పారినట్టు చప్పుడు. అతను రేడియోలో గొంతు పసిగట్టే గీతల్ని అయిదు నుంచి ఒకటికి తగ్గించాడు. గట్టిగా మాట్లాడితే తప్ప తెరుచుకోదిక. హోరు పోయింది. క్యారెట్ తోటలున్న సీక్స్‌తో అనేవాడు గుట్ట అవతలనుంచి తన ముగ్గురు బావమరుదుల్నీ వరసగా తిట్టాడు. ప్రతి తిట్టూ స్పష్టంగా వినపడింది. ఇవతల అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నవ్వనిది సెండా ఒక్కతే. సెండా ఫెర్మిన్ చెల్లెలి కూతురు. దళంలో ఉన్న ఒక్క ఆడది.

"మావయ్యా, ఇది మొదటి మాట తింటోంది. నేను 'పోలిన్, ఆగు' అంటే అతనికి 'లిన్, ఆగు' అనే వినపడిందట. గొంతు విని అది తెరుచుకునేలోపు ముందు ముక్క పోతోంది."

"నువ్వు నంగిగా మాట్లాడితే అది మాత్రం ఏం చేస్తుంది?"

"బటన్ నొక్కి, ఒక లెక్క ఆగి మాట్లాడితే ఏదీ పోదు మావయ్యా. తీగలు కొందాం."

"వణికే వేళ్ళతో, తడి గ్లౌజుతో, బ్రేకు వదిలి బటన్ నొక్కుతావా? రెండు చేతులూ హ్యాండిల్ మీదుండాలి. నీకు పాలపళ్ళు రాకముందే నేను శిఖరం మీద పదకొండు రోజులు రేడియో నడిపా."

"ఆ రేడియోకి బటన్ ఉండేది కదా," అంది సెండా.

అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు ఫెర్మిన్ మీద. అతను ఎర్రబడ్డాడు. "గొంతుదే ఖాయం," అన్నాడు. ఆ రోజునుంచీ సెండా రేడియోలో ఏం చెప్పినా ముందు "మావయ్యా మావయ్యా" అని రెండుసార్లు అనేది. ఆమె మాట ఏనాడూ తెగలేదు. మేనకోడలికి బుద్ధి వచ్చి గౌరవం నేర్చుకుందని మురిసిపోయాడు ఫెర్మిన్.

ఇక్కడ వాళ్ళ భాష సంగతి ఒకటి చెప్పాలి. మనం 'రావద్దు' అంటాం. వద్దన్నది చివర వస్తుంది. మొదటి అక్షరం పోయినా వద్దు మిగిలే ఉంటుంది. వాళ్ళ ఇలోకానోలో వద్దన్నది మొదట్లోనే, అదీ ఒక్క అక్షరంలో వస్తుంది. 'దికాయో ఉమాయ్' అంటే మీరు రావద్దు. ఆ 'ది' పోతే మిగిలేది 'కాయో ఉమాయ్'. కాయో అంటే మీరు, ఉమాయ్ అంటే రావడం. రండి అనాలంటే మామూలుగా మాట అటూ ఇటూ తిప్పి 'ఉమాయ్ కాయో' అంటారు గానీ, హోరులో, గరగరలో అంత వ్యాకరణం ఎవడు చూస్తాడు?

ఆ గురువారం సెండా రాలేదు, మేక ఈనుతోందని ఉండిపోయింది. మిగతా ఏడుగురూ తెగిన మలుపు దగ్గర ఆగారు. మంచు ఎంత దట్టమంటే తన బండి ముందు చక్రం తనకే సగం కనపడుతోంది. పోలిన్ ఒక్కడే దాటి వెళ్ళాడు. అతని వెనక వరసలో సీక్స్‌తో ఉన్నాడు, చివర ఫెర్మిన్. కాసేపటికి చెవిలో గరగరమని, "కాయో ఉమాయ్!" అని వినపడింది.

సీక్స్‌తో వెంటనే కదల్లేదు. "ఏమన్నాడు మనోంగ్?" అని రేడియోలో అడిగాడు. మనోంగ్ అంటే అక్కడ పెద్దన్న. ఫెర్మిన్‌ని దళమంతా అలాగే పిలుస్తుంది.

"ఏమనేదేంట్రా, రమ్మన్నాడు. పద!"

సీక్స్‌తో కదిలాడు. దారి సగంలో క్యాబేజీ లారీ మంచులోంచి ఎదురుగా ఊడిపడింది. లోయ వైపు పోకుండా బండిని కొండ గోడకేసి కొట్టాడు సీక్స్‌తో. ప్రాణం దక్కింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. అవతల లారీ హోరులో వీళ్ళ మాటలేవీ చెవిన పడని పోలిన్ పరిగెత్తుకొచ్చి, "వద్దన్నాను కదా! వద్దని అరిచాను కదా!" అంటూ లారీ కింద దొర్లుతున్న క్యాబేజీల మధ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

లారీ డ్రైవరు, వెనక ఆగిన రెండు జీప్నీల జనం, అందరూ ఫెర్మిన్ వైపు చూశారు.

"నా చెవితో విన్నాను, రమ్మన్నాడు," అన్నాడు ఫెర్మిన్.

అబద్ధం కాదు, అతను విన్నది అదే.

ఆసుపత్రి వరండాలో పోలిన్‌ని పక్కకి పిలిచి అడిగాడు. "బాగా గుర్తు తెచ్చుకో. 'ది' అన్నావా?"

"అన్నాననే అనుకుంటున్నా మనోంగ్."

"అనుకోవడం వేరు, అనడం వేరు. లారీ చూసి కంగారులో ఉన్నావు."

పోలిన్ గోడకి ఆనుకుని, 'దికాయో' అని తనలో తాను అని చూసుకున్నాడు.

మర్నాడు సెండా వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "రేడియో ఒకసారి చూశావా మావయ్యా?" అని అడిగింది.

"చూశా. బాగానే ఉంది."

చూడలేదు. జాకెట్ జేబులోంచి కూడా తియ్యలేదు. సెండా ఇంకేదో అనబోయి, మేకకి రెండు పిల్లలు పుట్టాయని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా ఫెర్మిన్ కుర్చీలోంచి లేవలేదు.

శనివారం పందులకి చిలగడదుంప ఆకు వెయ్యడానికి దొడ్లోకి వెళ్తూ తనదీ, ప్రమాదం రోజు తెచ్చి ఉంచిన సీక్స్‌తోదీ, రెండు రేడియోలు జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో తనకి తాను చెప్పుకోలేదు. పందుల దొడ్డి గోడ మీద ఒకటి పెట్టాడు. తగువుల్లో మాటలు పట్టుకోవడానికి వాడే చిన్న రికార్డరుని దాని పక్కన ఆన్ చేసి ఉంచాడు. రెండోదాన్ని పట్టుకుని క్యాబేజీ చేను చివరికి నడిచి, మైకు నోటి దగ్గర పెట్టుకుని రోడ్డు మీద అరిచినట్టే అరిచాడు. "దికాయో ఉమాయ్!" పదిసార్లు, ఒకసారికీ ఇంకోసారికీ మధ్య రేడియో మళ్ళీ మూసుకునేదాకా ఆగుతూ. తిరిగి వచ్చి విన్నాడు. కాయో ఉమాయ్. పంది గుర్రుమంది. కాయో ఉమాయ్. కాయో ఉమాయ్. పదింట ఒక్క 'ది' కూడా లేదు. పదకొండోసారి చేశాడు, ఈసారి సెండాలాగా ముందు "మావయ్యా మావయ్యా" అని. 'వయ్యా మావయ్యా, దికాయో ఉమాయ్' అని నిక్షేపంలా వినపడింది.

ఫెర్మిన్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆ పొద్దంతా అతని బుర్ర ఎన్ని దారులు వెతికిందో. పోలిన్ ఇంకా గట్టిగా అరవాల్సింది అనుకున్నాడు. సీక్స్‌తో హారన్ కొడుతూ వెళ్ళాల్సింది అనుకున్నాడు. గాలి హోరుంటే ఏ రేడియో అయినా ఇంతే అనుకున్నాడు. అన్ని దారులూ తిరిగి తిరిగి గుట్ట మీదికే వచ్చాయి. అక్కడ మేనకోడలు నిలబడి తీగలు కొందామంటోంది, తను పదకొండు రోజుల సంగతి చెబుతున్నాడు. దాని తర్వాత ఇంకొకటి. ఏమన్నాడని ఒకడు అడిగాడు. పద అన్నది తన నోరు.

అప్పుడే లేచి సీక్స్‌తో ఇంటికి పోయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పోలేదు. రేపు చెప్తాననుకున్నాడు.

ఆ రేపు ఆదివారం. చర్చి బయట పోలిన్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. జీప్నీ యజమాని అతన్ని చూసి కూడా చూడనట్టు దాటిపోయాడు. సీక్స్‌తో భార్య కారిదాద్ అయితే అందరికీ వినపడేలా, "నోట్లో నాలుకుందో లేదో తెలీనివాణ్ణి ముందు నడిపిస్తే ఇంతే మరి," అంది. ఫెర్మిన్ దగ్గరికి వెళ్ళాడు. చెబుదామనే వెళ్ళాడు. కానీ చుట్టూ జనం, అందరి కళ్ళూ తన మీదే. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"ఇంకోసారి గుర్తు తెచ్చుకో పోలిన్. మర్చిపోయుంటావు. మనిషన్నాక మర్చిపోతాడు, తప్పు లేదు."

పోలిన్ నేల చూస్తూ, "అయ్యుండొచ్చు మనోంగ్," అన్నాడు.

ఆ రెండు ముక్కలూ విన్నాక ఫెర్మిన్‌కి అన్నం సయించలేదు. పొగబెట్టిన పంది మాంసం కూర అంటే ప్రాణం పెట్టేవాడు, పళ్ళెం అలాగే వదిలేశాడు. సోమవారం చెప్తాననుకున్నాడు. సోమవారం తోంగ్‌తోంగ్ గురువారానికి పెట్టారని కబురొచ్చింది. పెద్దల బల్ల మీద నలుగురు. అందులో మూడో పేరు తనదే.

గురువారం పదింటికి లాకాయ్ దమోయాన్ వాకిలి నిండిపోయింది. దమోయాన్‌కి ఎనభై నాలుగేళ్ళు. నలుగురు పెద్దల్లోనూ పెద్ద, అందరూ 'అపో', అంటే అయ్యా, అని పిలుస్తారు. సీక్స్‌తోని ముగ్గురు మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద.

"ముగ్గురు బావమరుదులకీ ఇప్పుడు నన్ను మోసే అదృష్టం పట్టింది," అన్నాడు సీక్స్‌తో. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

కారిదాద్ చెప్పాల్సింది చెప్పింది. క్యారెట్ పీకే రోజులు, పీకేవాడు మంచంలో, ఆర్నెల్లు కాలు కింద పెట్టొద్దన్నారు. లారీ కనపడుతూంటే రమ్మన్నవాడు ముందు నడవడానికి పనికొస్తాడా, రేపు జీప్నీలో పదిహేను మందిని ఎక్కించుకోవడానికి పనికొస్తాడా, ఊరే చెప్పాలంది. జీప్నీ యజమాని వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఊరు ఏం చెబుతుందో వినడానికే వచ్చాడు.

దమోయాన్ పోలిన్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా అబ్బాయ్?"

పోలిన్ లేచాడు. "నేను 'ది' అన్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను అపో. కానీ మనోంగ్ ఫెర్మిన్ చెవి తప్పు వినదు. భూకంపంలో పదకొండు రోజులు ఒక్క మాట మార్చని చెవి అది. గనిలో పందొమ్మిదేళ్ళు ఒక్క గంట తప్పని మనిషి. ఆయనకి వినపడలేదంటే నేను అని ఉండను. తప్పు నాదే. తప్పు చేసినవాడు ఊరికి పెట్టాల్సిన పంది నేనిస్తాను. జీప్నీ వద్దు నాకు."

అతని తల్లి దోమింగా తలగుడ్డ నోట్లో కుక్కుకుంది.

ఫెర్మిన్ తన గొప్పలు తన నోటే వెయ్యిసార్లు చెప్పుకుని ఉంటాడు. అవే గొప్పలు ఒక నిర్దోషి నోట్లోంచి తన నేరానికి సాక్ష్యంగా వస్తూంటే, ఒక్కొక్కటీ చెంప మీద పడుతున్నట్టుంది. వాకిలి అవతల వరసలో సెండా ఉంది. ఆమె అతని వైపు చూడటం లేదు, కావాలనే చూడటం లేదు.

ఫెర్మిన్ బల్ల మీంచి లేచాడు. జాకెట్ జేబుల్లోంచి రెండు రేడియోలూ తీశాడు. ఒకటి సీక్స్‌తో ఒళ్ళో పెట్టాడు, రెండోది కారిదాద్ చేతికిచ్చాడు.

"అమ్మా, దీన్ని పట్టుకుని ఆ ధాన్యపు కొట్టు వెనక్కి వెళ్ళు. నీ మొగుడు లారీ ముందుకి పోతున్నాడనుకో. వద్దని అరిచి చెప్పు."

"ఇదేం ఆట మనోంగ్?"

"ఆట కాదు. వెళ్ళు."

ఆమె వెళ్ళింది. కాసేపటికి సీక్స్‌తో ఒళ్ళో రేడియో గరగరమంది. "కాయో ఉమాయ్!" ఇంకోసారి, ఇంకా గట్టిగా, "కాయో ఉమాయ్!" మూడోసారి గొంతు చిరిగేలా. అదే మాట.

కారిదాద్ కొట్టు వెనకనుంచి వచ్చి, "ఏం? ఏం వినపడింది?" అంది. అందరి ముఖాలూ చూసి ఆమె ముఖం కూడా మారింది. "వద్దన్నాను కదా," అంది మెల్లగా, సరిగ్గా పోలిన్ అన్నట్టే.

"పోలిన్ కూడా అన్నాడు," అన్నాడు ఫెర్మిన్. "రేడియో తినేసింది. అలా తింటుందని సెండా పరీక్ష నాడే చెప్పింది. నేను వినలేదు. గీత ఒకటికి తగ్గించింది నేను. బటన్ వద్దన్నది నేను. సీక్స్‌తో ఆగి అడిగితే పద అన్నది నేను. ఈ అబ్బాయి తప్పు ఇందులో గోరంత లేదు."

వాకిలంతా ఒక్కసారి గోలైంది. దమోయాన్ కర్రతో నేల కొట్టాడు. సీక్స్‌తో ఒళ్ళో రేడియోని తిప్పి తిప్పి చూస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది మనోంగ్?"

"శనివారం."

"ఇవాళ గురువారం."

"అవును."

"అయిదు రోజులు నేను మంచంలో పడుకుని వీడి వంశాన్నంతా తిట్టాను. నువ్వు మంగళవారం నన్ను చూడ్డానికొచ్చి, నారింజపండు ఒలిచి పెట్టి, ఆ తిట్లన్నీ విని వెళ్ళావు."

ఫెర్మిన్ నిలబడే ఉన్నాడు. ఆరో తరగతిలో కూడా ఇలా నిలబడింది లేదు.

అప్పుడు పోలిన్ అడిగాడు. గొంతు పెంచలేదు. "ఆదివారం చర్చి బయట నన్నడిగావు. మర్చిపోయుంటావన్నావు."

"అన్నాను."

"అప్పటికి తెలుసు."

"తెలుసు."

పోలిన్ కూర్చుండిపోయాడు. ఏదైనా అంటే, తిడితే బాగుండుననిపించింది ఫెర్మిన్‌కి.

పెద్దలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. మామూలుగా ఆ గుసగుసలో ఎక్కువ మాట ఫెర్మిన్‌దే. ఆ రోజు అతను వాకిట్లో తగువుదారులు కూర్చునే చాప మీద కూర్చుని ఎదురుచూశాడు. దమోయాన్ తీర్పు చెప్పాడు.

"రేడియో తప్పు సెండా తప్ప ఏడుగురిదీ. అమ్మాయి చెప్తూంటే నవ్వినవాళ్ళంతా తలా కాస్త పంచుకోవాలి. సీక్స్‌తో క్యారెట్లు మిగతా ఆరుగురూ పీకి లారీకెత్తండి. నువ్వూ నవ్వావట సీక్స్‌తో, కాలు విరిగింది కాబట్టి నిన్నొదిలేస్తున్నాం. ఇకనుంచి ఏ రేడియో కొనాలో, ఎలా మాట్లాడాలో సెండా చెప్తుంది. ఇక మాట దాచడం ఉంది. అది ఫెర్మిన్ ఒక్కడిదే. పంది ఫెర్మిన్ ఇస్తాడు. ఈ బల్ల మీద ఇక కూర్చోడు. పోలిన్ తనంతట తాను వెళ్ళి పిలిచేదాకా."

"నేను పిలవకపోతే?" అన్నాడు పోలిన్.

"పిలవకు," అన్నాడు దమోయాన్. "అది నీ ఇష్టం."

జీప్నీ యజమాని వెనకనుంచి ముందుకొచ్చి పోలిన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఒకటో తేదీకి రమ్మన్నాడు.

శనివారం పందిని కోశారు. దొడ్డిలో అన్నిటికన్నా పెద్దదాన్నే ఇచ్చాడు ఫెర్మిన్. అక్కడ పంది కోస్తే వండింది తినడంతో సరిపోదు, ప్రతి ఇంటికీ పచ్చి మాంసం వాటా వెళ్ళాలి. పోలిన్ విందుకి రాలేదు. అతని వాటా వెదురు పుల్లకి గుచ్చి, తీసుకెళ్ళడానికి దోమింగా చుట్టాలావిడ చెయ్యి చాచింది.

"నేను తీసుకెళ్తా," అన్నాడు ఫెర్మిన్.

పోలిన్ ఇంటి ముందు బండి బోల్టులు బిగిస్తున్నాడు. హ్యాండిల్‌కి కొత్త బటన్ తీగ కట్టి ఉంది. సెండా అప్పటికే వచ్చి వెళ్ళిందన్నమాట. దోమింగా గుమ్మంలో కనపడి, ఫెర్మిన్‌ని చూసి లోపలికెళ్ళిపోయింది.

"అక్కడ పెట్టు మనోంగ్," అన్నాడు పోలిన్ తల తిప్పకుండా.

ఫెర్మిన్ మాంసం కట్టెల మీద పెట్టాడు. వెళ్ళలేదు.

"పోలిన్, నువ్వు 'ది' అన్నావు."

"ఊరందరికీ చెప్పావుగా."

"నీకు చెప్పలేదు. అందుకని వచ్చా."

పోలిన్ స్పానర్ ఆపాడు. "వారం రోజులు నా నోట్లో నేను వెతుక్కున్నా మనోంగ్. అన్నానా, అనలేదా? అన్నం తింటూ, దుంపలు కడుగుతూ, ఆ మాటే అంటూ ఉండేవాణ్ణి. దికాయో, దికాయో అని. మా అమ్మ నాకు పిచ్చెక్కిందని ఏడ్చింది. చివరికి నేను అనలేదనే నాకు గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చింది. నోరు తెరిచి 'కాయో' అన్నట్టు, నా కళ్ళకి కట్టినట్టు. జరగనిది నాకు గుర్తొచ్చేలా చేశావు నువ్వు."

ఫెర్మిన్ దగ్గర అరవై ఎనిమిదేళ్ళ మాటలున్నాయి. దేనికీ ఇక్కడ పని లేదు.

పోలిన్ మళ్ళీ బోల్టు మీదికి వంగాడు. ఫెర్మిన్ ఇంకాసేపు నిలబడ్డాడు. ఆ కొండల్లో గుమ్మం ముందుకొచ్చిన మనిషిని, శత్రువైనా సరే, కాఫీ తాగి వెళ్ళమని అడక్కుండా పంపరు. లోపల పొయ్యి మీద కాఫీ మరుగుతున్న వాసన వాకిట్లోకి వస్తోంది. ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సబబనిపించింది అతనికి. "వస్తా మరి," అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగాడు.